వానలో మోటరు

పోయిన వారం మా ఊళ్ళో ఎండాకాలపు వాన పడింది. పడమటి కొండ మీద నల్లగా కమ్ముకుని, ముందు దుమ్ము లేపి, ఇళ్ళ మీద రేకులు టపటపలాడించి, ఆ తర్వాత లావుపాటి చినుకులు రాల్చింది. ఊరంతా ఆరబెట్టిన మిరపకాయల కోసమో బయట కట్టేసిన మేకల కోసమో ఇళ్ళ వైపు పరుగు తీస్తుంటే, నేను మాత్రం ఇంటికి వీపు చూపించి చేను వైపు పరుగు తీశాను. పరుగంటే పెద్ద మాట. ఈ వయసు మోకాళ్ళతో చేసేదాన్ని ఏమంటారో అది. మోటరు షెడ్డు చేరి స్విచ్చి వేశాను. చినుకు పడితే కరెంటు తీసేయడం మా ఊరి ఆచారం. ఆ రోజు ఎందుకో మరిచిపోయినట్టున్నారు, మోటరు గుర్రుమంది. డ్రిప్పు పైపుల్లో నీళ్ళు కదిలాయి. పైన వాన, కింద నీళ్ళు, మధ్యలో తడిసిన కోడిలా నేను. పక్క చేను ఆయన, నాకు వరసకు అల్లుడు, మోటారుసైకిలు మా షెడ్డు చూరు కిందికి తోసుకొచ్చి, నన్నూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి అడిగాడు. "ఏం మామా, వానకు సత్తువ చాల్లేదని తోడు పోతాండావా?"

ఎవరైనా నా మీద ఒక మాట విసిరితే దాన్ని నేల మీద పడనివ్వకుండా తిప్పికొట్టడం చిన్నప్పటి నుంచీ నాకున్న ఒకే ఒక్క విద్య. మిగతా విద్యలు ఐదో తరగతిలోనే నన్ను వదిలిపెట్టి వెళ్ళిపోయాయి. అలాంటిది ఆ రోజు అల్లుడి మాటను నేల మీద పడనిచ్చి, పైపుల్లో నీళ్ళు చూసుకున్నాను. అల్లుడు తన మాటకు తానే మురిసిపోయి నవ్వాడు. నవ్వుకోనీ. అదే మాటను నలభై ఏళ్ళ కిందట, అంతకంటే పదునుగా, అన్నవాణ్ణి నేను.

కువైట్ అనగానే మీకు చమురు బావులు, సముద్రం, సాల్మియాలో అద్దాల దుకాణాలు గుర్తొస్తాయేమో. మా రాయచోటి వైపు నుంచి వెళ్ళిన ఆడవాళ్ళు జాబ్రియా ఇళ్ళల్లో వంటచేస్తూ యజమానురాలిని, అక్కడివాళ్ళు అమ్మను పిలిచినట్టు, మామా అని పిలుచుకుంటూ బతికారు. మగవాళ్ళు డ్రైవర్లయ్యారు, దుకాణాల్లో కుదిరారు. నాకు మాత్రం సేద్యం దొరికింది. డెబ్భైల చివర్లో, సేద్యం మీద విరక్తి పుట్టి, చెనిక్కాయ చేను ఎండిపోతుంటే దాని మొహం చూడలేక, విమానమెక్కి సముద్రం దాటిపోతే, అక్కడ వాళ్ళు నన్ను జీపులో కూర్చోబెట్టి, దక్షిణంగా ఎడారిలో చాలా దూరం తీసుకుపోయి, చేతిలో పార పెట్టారు. ఊరి పేరు వఫ్రా. చుట్టూ ఇసుక, మధ్యలో ఆకుపచ్చ ముక్కలు ముక్కలుగా పొలాలు. దోస, టమోటా, కర్బూజా. తప్పించుకున్నాననుకున్న పార నాకంటే ముందు విమానమెక్కి వచ్చి నా కోసం ఎదురుచూస్తోందని నేనప్పుడు ఒక పరిహాసమాడితే, జీపులో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకు తెలుగు రాదు.

అక్కడి వాతావరణం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో మనుషుల కంటే దానికే పని ఎక్కువ. ఎండాకాలంలో పొద్దున పదింటికల్లా ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. తోజ్ అని ఒక దుమ్ము లేచేది. అది వస్తే పట్టపగలు దీపాలు పెట్టుకోవాలి, మూడు రోజుల పాటు అన్నంలో, నిద్రలో, పళ్ళ మధ్యలో ఇసుక కరకరమంటుండేది. చలికాలం మనుషుల్ని నమ్మించి మోసం చేసే చలి. ఇవన్నీ పోను, చలి వెళ్ళి ఎండ ఇంకా ముదరక ముందు ఒక నెలా నెలన్నర, సరాయాత్ అనే కాలం ఒకటి. మధ్యాహ్నం దాకా ఆకాశం అద్దంలా ఉంటుంది. మూడింటికి ఒక మూల గోరంత మసక. నాలుగింటికి ఉరుములు, మెరుపులు, ముందు దుమ్ము, వెనకే చినుకులు, ఒక్కోసారి వడగళ్ళు. పావుగంట. ఆ తర్వాత ఏమీ జరగనట్టు ఎండ. సగం ఎకరం తడిపి సగం ఎకరం వదిలేసి పోయే ఆ వాన మాకు కొత్తేమీ కాదు, మా సీమ మబ్బుకు అది పినతల్లి బిడ్డే. కాకపోతే ఇక్కడ వాన కోసం ఏడ్చేవాళ్ళం, అక్కడ వానను చూసి ఏడవమన్నారు. తేడా అంతే.

ఎందుకేడవాలో మాకు చెప్పినాయన పొలం పెత్తనమంతా చూసే ముదీర్. పాలస్తీనా మనిషి, సేద్యం చదువుకున్నవాడు. అరబ్బీ, ఉర్దూ, చేతి సైగలు కలిపి మాట్లాడేవాడు. ఆ పొలంలో బావి నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళనే రంధ్రాలున్న నల్ల పైపుల్లో మొక్క మొదలుకు బొట్టుబొట్టుగా వదిలేవాళ్ళం. తడి ఆరేకొద్దీ ఉప్పంతా తడి అంచున, నేల పైన తెల్లగా పేరుకునేది, ముగ్గు వేసినట్టు. మొక్క మధ్యలో హాయిగా ఉండేది. కానీ చిన్న వాన పడితే ఆ పైన పేరుకున్న ఉప్పంతా కరిగి నేరుగా వేళ్ళలోకి దిగుతుంది. అందుకని, చినుకు పడగానే మోటరు వేయాలి. కింద నుంచి నీళ్ళు తోస్తూ ఉంటే ఉప్పు మొక్క దగ్గరికి రాదు. వాన ఆగాక కూడా గంటసేపు మోటరు ఆపకూడదు. ఇదీ ఆయన చెప్పిన శాస్త్రం. నేను తెలుగులోకి మార్చి మా వాళ్ళకు చెప్పాను. అక్కడున్న ఏడుగురిలో అరబ్బీ తొందరగా నాలిక్కి పట్టించుకున్నవాణ్ణి నేనే కాబట్టి ఆ పని నాదే. చెప్పి, చివర్లో నా సొంత ముక్క ఒకటి తగిలించాను. ఈయన చదువు ఎక్కువైన మనిషి, స్నానం చేసేటప్పుడు దాహమేస్తే ఏం చేస్తాడో అడగండి అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు.

ఒక్క చిన్నాయన నవ్వలేదు. ఆయన మా నాయనకు పెదనాన్న కొడుకు, మా వీధే. అప్పటికి యాభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, తాటి పేడులా ఉండేవాడు. ఊళ్ళో నాలుగెకరాల మెట్ట ఉంది. అందులో ఒక బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఇంకో బోరు, ఇంకో చోట, ఇంకొంచెం లోతుగా వేయించాలని ఆ వయసులో దేశం దాటి వచ్చాడు. ఇంకో రెండు సీజన్లు ఇక్కడ నిలబడితే చాలు, ఆ బోరు పడుతుందని ఆయన లెక్క. ముదీర్ చెప్పింది విన్నాక ఆయన లేచి చేలోకి పోయి, ఆ తెల్లటి పొరను గోటితో గీరి నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, తిరిగొచ్చి, "ఆయప్ప చెప్పేది నిజమేరా" అన్నాడు. మట్టిని నాకి చూసిన మనిషిని ముదీర్ గుర్తుపెట్టుకున్నాడు. నెల తిరక్కుండా నీళ్ళ పెత్తనం చిన్నాయనకు ఇచ్చాడు.

ఆ మోటరు గది తాళంచెవిని ఆయన మొలతాడుకు కట్టుకున్నాడు. జీవితమంతా ఆకాశం వైపు చూసి చూసి మెడ పట్టేసిన మనిషి చేతికి ఒక చక్రం ఇచ్చి, ఇది తిప్పితే నీళ్ళొస్తాయి అంటే ఏమవుతుంది? అదే అయింది. పొద్దున లేచి ముఖం కడగక ముందు మోటరు దగ్గరికి పోయి దాని మీద చెయ్యి వేసి చూసేవాడు, పసిబిడ్డకు జ్వరముందేమో చూసినట్టు. నూనె పోసేవాడు, తుడిచేవాడు. పెళ్ళాం దగ్గర కూడా ఇంత ఒద్దికగా ఉండలేదని నేను ఆయన్ని ఏడిపించేవాణ్ణి. ఆయన కోప్పడేవాడు కాదు. నోరు తెరిస్తే నవ్వించేవాడు ఒకడుండాలి లేరా, లేకుంటే ఈ ఇసకలో పిచ్చెక్కిపోతాం అనేవాడు. ఆ మాట నాకు లైసెన్సు ఇచ్చినట్టయింది. ఎవరినీ వదిలేవాణ్ణి కాదు. రాయచోటి నుంచి వచ్చిన సాయిబుల ఆయన ఒకడుండేవాడు, నేను బావా అని పిలిచేవాణ్ణి. రొట్టెలు ఆయనే చేసేవాడు. ఆయన రొట్టెతో గోడ కట్టొచ్చని నేనంటే, ఆయనా నవ్వి నాకు మాడిన రొట్టె వేసేవాడు. అలా గడిచేది.

ఆ రోజు ముదీర్ పైపు సామాన్ల కోసం అల్ రాయ్ బజారుకు పోయాడు. పోతూ పోతూ ఆకాశం మూల చూసి, చిన్నాయనకు చేత్తో చక్రం తిప్పి చూపించి మరీ పోయాడు. కర్బూజా తీగలు పూత మీదున్నాయి, పిందె దిగుతోంది. నాలుగింటికి దుమ్ము లేచింది. మేమంతా రేకుల షెడ్డు కిందికి చేరాం. ఉరుము ఎంత గట్టిగా ఉరిమిందంటే బావ చేతిలో టీ ఒలికింది. చినుకులు మొదలయ్యాయి. వాన వాసన వచ్చింది. ఆ వాసన అక్కడా ఇక్కడా ఒకటే, దానికి వీసా అక్కర్లేదు. మా కళ్ళల్లో ఏదో తిరిగింది. ఊళ్ళో అయితే తొలి చినుకు పడగానే కాడి దించుతాం. ఎంత పని మధ్యలో ఉన్నా సరే ఎద్దుల మెడ మీంచి కాడి దించి, ఆకాశానికి ఒక దణ్ణం పెట్టి నిలబడతాం. దేవుడు నీళ్ళు పోస్తున్నప్పుడు మనం బావిలో నీళ్ళు తోడడం తప్పు. మా తాతలు అలా అనుకున్నారు, మా నాయనలు అలా చేశారు, మాకు తెలియకుండానే మా ఒంట్లో అది ఉంది.

అప్పుడు చూశాను, చిన్నాయన తువ్వాలు తలకు చుట్టుకుని, వానలోకి దిగి మోటరు గది వైపు పోతున్నాడు. తాళం తీశాడు. మోటరు మొదలైంది. ఉరుముల మధ్య ఆ చప్పుడు వినగానే షెడ్డు కింద ఎవరో కిసుక్కుమన్నారు. అది చాలు నాకు. నవ్వు వాసన తగిలితే నేను ఆగే మనిషిని కాదు. "చిన్నాయనా, ఆకాశానికి దప్పికైతాంది, ఇంకో చెంబు పోయి" అని అరిచాను. నవ్వారు. ఆయన మోటరు గది గుమ్మంలో నిలబడి మా వైపు చూశాడు, చిన్నగా నవ్వాడు కూడా. అక్కడ ఆపి ఉండొచ్చు. బావ ఆపమని నా మోచెయ్యి తాకాడు కూడా, కానీ ఆయనా నవ్వుతూనే తాకాడు. అందరి కళ్ళూ నా నోటి మీదున్నాయి. అలాంటప్పుడు ఇంకొక్క మాట అనకపోతే నేను నేను కాదు. "ఊళ్ళో బోరుకు చుక్క పడలేదు గానీ, ఈడ మబ్బుకే నీళ్ళు తోలే మొనగాడైనాడు మా చిన్నాయన" అన్నాను.

షెడ్డు రేకులు ఎగిరిపోయేంత నవ్వు. కడుపు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు. ఆ నవ్వు మధ్యలో మోటరు చప్పుడు ఆగిపోయింది. చిన్నాయన తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, వచ్చి మా పక్కనే కూర్చున్నాడు. తువ్వాలు పిండుకున్నాడు. బావ ఇచ్చిన టీ తాగాడు. పది నిమిషాల్లో వాన వెలిసింది, ఎండ వచ్చింది, పొలం కడిగిన పళ్ళెంలా మెరిసింది. అంత అందమైన సాయంత్రం నేను కువైట్‌లో మళ్ళీ చూడలేదు. ఆయన మళ్ళీ లేచి మోటరు వేస్తాడేమోనని ఒకసారి అటు చూశాను. ఆయన వేయలేదు. వేయడానికి మా ముందు నుంచే నడిచి పోవాలి మరి.

మూడో రోజుకు ఆకుల అంచులు గోధుమ రంగు తిరిగాయి. నాలుగో రోజు ఎవరో అగ్గి చూపించినట్టు ముడుచుకున్నాయి. పిందెలు రాలాయి. ముదీర్ ఒక తీగ పీకి వేళ్ళు చూశాడు, మట్టి నాలిక మీద వేసుకున్నాడు, పోయి జీపులో కూర్చున్నాడు. ఐదో రోజు పొద్దున కఫీల్ వచ్చాడు, పొలం ఆసామి, మా వీసాలన్నీ ఆయన పేరు మీదే. పొడుగాటి కారు, కాళ్ళ దాకా తెల్లటి దిష్‌దాషా, చేతిలో జపమాల. పెద్దగా కేకలు వేసే మనిషి కాదు. మమ్మల్నందరినీ నిలబెట్టారు. మోటరు ఎందుకు వేయలేదని ముదీర్ చిన్నాయనను అడిగాడు. చిన్నాయనకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఆయన నా వైపు తిరిగాడు. నేను మధ్య మనిషిని.

చిన్నాయన ఏం చెప్పాడో నాకు ఇవాళ్టికీ ఒక్క మాట పొల్లు పోకుండా గుర్తుంది. "నేను వేసినానని చెప్పు నాయనా. ముందు వేసినాను. మనోళ్ళు నగినారని ఆపేసినాను. తప్పు నాదే, నగుబాటుకు భయపడినాను. నీళ్ళ సంగతి నాకు తెలుసు, ఇంకోసారి ఇట్ల చెయ్యను, ఎవురు నగినా చెయ్యను. అదంతా చెప్పు."

నవ్వారని చెబితే, తర్వాతి ప్రశ్న ఎవరు నవ్వించారని. దానికి జవాబు కూడా నేనే మార్చి చెప్పాలి. నన్ను ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, దాని గడువు ఆ నెలతో అయిపోతోంది, దాని మీద సంతకం పెట్టాల్సినాయన ఎదురుగా జపమాల తిప్పుతున్నాడు. ఇన్ని సంగతులు నేను అప్పుడు ఆలోచించానని చెప్పను; భయం ఆలోచన కంటే ముందు నాలిక్కి చేరుతుంది. ముదీర్ వైపు తిరిగి, మర్చిపోయాడట అన్నాను. అరబ్బీలో అది ఒక్క మాట. ముదీర్ నన్ను వింతగా చూసి, ఆయన అంతసేపు మాట్లాడాడు కదా, ఇంతేనా అన్నాడు. నా నోరు ఊరుకుందా? "ముసలాయన కదా, ఒకే మాట నాలుగు సార్లు చెబుతాడు" అన్నాను. కఫీల్ పెదవి మీద కాస్త నవ్వు కదిలింది. నేను జీవితంలో నవ్వించిన వాళ్ళందరిలో ఆ ఒక్కడి నవ్వే నాకు కల్లోకి వస్తుంది. ఆయన చెయ్యి ఒకసారి గాల్లో ఊపి "ఖలాస్" అన్నాడు. ఆ మాటకు ఎవరూ తెలుగు చెప్పాల్సిన పని లేకపోయింది. చిన్నాయన మొలతాడు ముడి విప్పి తాళంచెవి తీశాడు. ముడి గట్టిపడిపోయి, చాలాసేపు పట్టింది.

బావకు ఉర్దూ వచ్చు, అరబ్బీ కూడా కొంత వచ్చు. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత నాకు మాడని రొట్టెలే వేసేవాడు, నా మాటలకు మళ్ళీ నవ్వలేదు. నేను ఆయన్ని తప్పు పట్టలేను, ఆయన నన్ను పట్టలేదు. ఇద్దరం ఒకే షెడ్డు కింద నవ్వినవాళ్ళం. చిన్నాయనను ఊరికి పంపేసిన వారానికి ముదీర్ తాళంచెవి నా చేతిలో పెడుతూ ఒక మాట అన్నాడు. ఏదైనా కారణం చెప్పి ఉంటే కఫీల్ దగ్గర ఆయన తరఫున మాట్లాడేవాణ్ణి, మర్చిపోయేవాడి తరఫున ఏమని మాట్లాడను అన్నాడు. నేను ఆయనకు అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. తాళంచెవి తీసుకున్నాను. తర్వాతి సరాయాత్‌లో చినుకు పడగానే వానలోకి దిగి మోటరు వేశాను. గుమ్మంలో నిలబడి షెడ్డు వైపు చూశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వు మొదలుపెట్టేవాడు మోటరు దగ్గరున్నాడు కదా.

రెండేళ్ళ తర్వాత సెలవు మీద ఊరికొచ్చాను. చిన్నాయన ఇంటికి ఒక దుప్పటి, అత్తరు సీసా, టార్చిలైటు పట్టుకుని పోయాను. కువైట్ పోయొచ్చేవాళ్ళం మేం, అపరాధాలను కూడా సూట్‌కేసులోనే తెచ్చుకుంటాం. ఆయన వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. కుశల ప్రశ్నలయ్యాయి, మోటరు ఎలా ఉందని అడిగాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు. "ఆ పొద్దు నేను చెప్పినదంతా చెప్పినావా నాయనా వాళ్ళకు?"

"చెప్పినా చిన్నాయనా. అంతా చెప్పినా."

ఆయన ఒక కాయ చిదిపి గింజలు చేటలో వేశాడు. "సరేలే. నిజం చెప్పినా పంపేసినారంటే ఇంగ నిజంతో ఏం పని" అన్నాడు. నాకు తెలిసి ఆయన చేదుగా మాట్లాడింది అప్పుడే మొదలు. ఆ తర్వాత అది మానలేదు. ఊళ్ళో గట్టు తగాదా వచ్చి, చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పమని నలుగురూ బతిమాలితే, నేను కువైట్‌లో చెప్పి చూసినాను, మీరు చెప్పుకోండి అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడట. ఆ మాట ఊళ్ళో సామెతలా తిరిగింది. జనం నవ్వుకునేవాళ్ళు. నేనూ వాళ్ళతో పాటు నవ్వేవాణ్ణి, ఏం చేయను.

నాలుగెకరాలలో రెండో బోరు ఆయన ఎప్పటికీ వేయించలేదు. నా బోరు నేను తిరిగొచ్చేశాక వేయించాను. నీళ్ళు పడిన రోజు ఊరంతా వచ్చింది, చిన్నాయన కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. బురద నీళ్ళు దోసిట్లో పట్టి నాలిక మీద వేసుకుని, ఉమ్మి, నా వైపు తిరిగాడు. "ఉప్పురా. వానొస్తే మోటరు ఆపాకు. ఎవురు నగినా ఆపాకు." అంతే అన్నాడు. నా అబద్ధం సంగతి తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. అడగడానికి ధైర్యం చేసుకునేలోపు ఆయన పోయాడు.

అందుకే పోయిన వారం ఆ పరుగు. వాన పది నిమిషాల్లో వెలిసింది. అల్లుడు మోటారుసైకిలు తోసుకుంటూ, ఇంగ ఆపు మామా, చేను మునిగిపోతాది అని ఇంకోసారి నవ్వి వెళ్ళిపోయాడు. నేను షెడ్డు గుమ్మంలో తడి చొక్కాతో గంటసేపు అలాగే నిలబడ్డాను. ఆ రోజు వఫ్రాలో చిన్నాయన మోటరు ఆగి నలభై ఏళ్ళయింది. అది మళ్ళీ మొదలు కావాలంటే ఎక్కడ నొక్కాలో మాత్రం ఈ వయసుకు కూడా నాకు అంతుపట్టలేదు.